కాటాకు కనపడని పూత

చేపలమ్ముకునే దానికి విశాఖపట్నం కాలేజీలో పనేమిటని అడుగుతారేమో. నా కరెంటు కాటా అంకెలు పోయాయి. ఉప్పుచెమ్మకు మసకబారుతుంటే, పడవ సందులకు పూసినట్టే గుగ్గిలం కాచి, వేడివేడిగా అద్దం మీద పూశాను. అంకెల పలక నల్లబడిపోయింది. ఇక అనకాపల్లి బజారులో నా తూకం నమ్మేవాళ్లు లేరు. పక్క గంప దగ్గరికి పోతున్నారు. మా చెల్లెలి కూతురు లక్ష్మి ఆ కాలేజీ ల్యాబులో ఫోన్ అద్దాల పూతల పని చేస్తుంది. అందుకే కాటా గంపలో పెట్టుకుని బయలుదేరాను.

అనకాపల్లి స్టేషన్లో ఆరున్నరకు పాసింజరు ఎక్కాను. ఎనిమిదికి దిగి, రెండు ఇడ్లీలు తిని, సిటీ బస్సులో తొమ్మిదికి కాలేజీ గేటు చేరాను.

లక్ష్మి కాటా చూసి పకపకా నవ్వింది. "ఏటి పెద్దమ్మా, పడవనుకున్నావా?"

"నవ్వకే గుంటా. బాగు సెయ్యి."

"ఇది బాగవదు. లోపల సెమ్ముండగా మూసేసేవు. అదింక బయటికెలా పోతాది?"

అంకెలు పోయాయని ఫోనులో చెప్పి ఉన్నాను కాబట్టి కొత్త పలక ముందే తెప్పించి ఉంచింది. దాన్ని స్టీలు పెట్టెలో పెట్టి తలుపు బిగించింది. లోపలి గాలంతా లాగేసి, ఒకదాని తర్వాత ఒకటి రెండు రకాల ఆవిర్లు వదులుతారట. విడతకింత చొప్పున పొర పట్టుకుంటుందట. గాజు కిటికీకి కళ్లానించి చూశాను.

"మంటెక్కడే?"

"మంటేటి? టీ మరిగినంత వేడి కూడా ఉండదు. ఎక్కువైతే లోపలిదంతా పాడైపోద్ది."

మా పొయ్యి మీది గుగ్గిలం మూకుడు తలుచుకుని సిగ్గుపడ్డాను.

రెండింటికి పలక బయటికి తీసి కాటాకు బిగించారు. ఎటు తిప్పినా నాకేమీ కనపడలేదు.

"పూతేదే?"

"అది కనపడితే అంకెలెలా కనపడతాయి? ఉప్పుగాలికి ఎన్నాళ్లాగుతాదో మాకూ తెలీదు. నువ్వే సూసి సెప్పాలి."

అంత చదువుకున్నవాళ్లు నన్నడుగుతున్నారే అనుకున్నాను.

అయిదు గంటల బండిలో తిరుగుప్రయాణం. పక్కన జామకాయల సంచితో ఒకామె కూర్చుంది. సంగతంతా విని, "ఏదీ, ఇయి తుయ్యి. రెండు కేజీలు," అంది.

కాటాను దాని బ్యాటరీ మీదే వెలిగించి తూశాను. కేజీ ఆరొందలు చూపించింది.

"నీ కాటా తప్పు!"

గంపలోంచి అరకేజీ గుండు తీసి పెట్టాను. అయిదొందలు, తేటగా వచ్చింది. రైలుపెట్టెలో అందరూ నవ్వారు.

"అయితే నాకమ్మినోడే మోసం సేసేడు," అని ఆమె సంచి ఒళ్లోకి లాక్కుంది.

ఎదురుబెంచీ పెద్దాయన తన ఉల్లిపాయల సంచి నా ముందుకు జరిపాడు. దాన్ని కాటా మీద పెట్టాను. ఆయనే వంగి అంకె చదువుకుని, సరేనన్నట్టు తలూపాడు.