ఊఁ అంటే విన్నానని

ఆ వీధిలో ఇస్త్రీ దుకాణం ఆవిడని అందరూ "ఊఁ అత్త" అనేవాళ్ళు. బట్టలు రేపటికి కావాలన్నా ఊఁ, చొక్కా కాలరు మాడ్చేశావన్నా ఊఁ. అడిగినవాళ్ళకి ఒళ్ళు మండేది. కాపురానికొచ్చిన కొత్తలోనే కోడలికి మాత్రం గుట్టు తెలిసిపోయింది. అత్తగారి ఊఁకి సరేనని అర్థం కాదు, విన్నానని అర్థం. అంతే. ఒప్పుకోవాలంటే ఆవిడ నోరు తెరిచి సరే అనేది, అదీ ఏ ఏడాదికో ఒకసారి.

ఆ మాత్రం ముక్క కన్నకొడుక్కి తెలియకపోవడమే విడ్డూరం.

కొడుకు కార్ల షోరూములో అమ్మకాలు చూసేవాడు. అబ్బో, మాటలు కోటలు దాటేవి. మొగుడూ పెళ్ళాలకి పొసగక విడాకులకి కోర్టుకెక్కారు. విడిపోవడానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు. పేచీ అల్లా ఏడేళ్ళ కూతురి దగ్గరే. కోడలు ఆసుపత్రిలో నర్సు, అన్నీ రాత్రి డ్యూటీలు. "రాత్రిళ్ళు ఇంట్లో ఉండని తల్లికి పిల్లనెలా ఇస్తారండీ? పెంచుతున్నది మా క్లయింటు తల్లి" అన్నాడు అతని వకీలు. ఇంట్లో వాటా మాటెత్తితే, "ఇల్లు మా అమ్మది. కాగితాలూ ఆవిడ పేరునే. నాకే ఏమీ లేదు, ఇంక ఈవిడకేం పంచను?" అని కొడుకు ప్రమాణం చేసి మరీ చెప్పాడు. నిజమే, ఆవిడ ఇస్త్రీ చేసి చేసి కట్టుకున్న ఇల్లది. కోడలి బెంగంతా పిల్ల మీదే. ఇల్లు పోతే పోయింది, పిల్ల పోతే ఎలా బతకడం?

"అమ్మా, కోర్టుకొచ్చి పిల్లని నువ్వే చూసుకుంటున్నావని చెప్పాలి" అన్నాడు కొడుకు.

"ఊఁ" అందావిడ.

వాడు ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడ బోనెక్కింది. "పిల్లని పెంచుతున్నది మీరేనా?" అని అడిగారు జడ్జమ్మగారు.

"నేనేనమ్మా. రాత్రిళ్ళు నేను, పగలు వాళ్ళమ్మ. వాడు కాదు."

వకీలు అడ్డుపడబోయాడు. ఆవిడ ఆగితేగా! కోడలు నోరు వెళ్ళబెట్టి చూస్తోంది. అత్తగారు ఇన్ని మాటలు వరసగా అనగా ఎన్నడూ వినలేదు.

"ఇల్లు నాదేనని వాడే చెప్పాడు కదమ్మా. నాదే. అయితే నా ఇంట్లో ఎవరుండాలో నేను చెప్తా. కోడలూ పిల్లా ఉంటారు. రాత్రిళ్ళు పిల్ల పక్కన నేను పడుకుంటా. వాడికి జీతమొస్తుంది, గది చూసుకుంటాడు."

అమ్మో, ఏం మనిషండీ! వాడి కేసంతా నిలబడింది ఆవిడ మీదే. ఆవిడ కాస్త పక్కకి జరిగింది, కేసు కాస్తా కూలింది.

కోర్టు పిల్లని తల్లికిచ్చింది. ఆదివారాలు తండ్రి వచ్చి చూసుకోవచ్చంది.

తీర్పు విని బయటికొచ్చాక కొడుకు వెనక ఆవిడ గబగబా నడిచింది. "ఆదివారం రారా. అన్నం వండి పెడతా."

"ఇవ్వాళ్టితో నాకు అమ్మ లేదు" అని వాడు బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడ కోర్టు మెట్ల మీదే కూలబడి, జనం చూస్తున్నా సరే, భోరుమని ఏడ్చింది. తనకి కూతుర్ని దక్కించడానికి ఈవిడ కొడుకుని పోగొట్టుకుందని కోడలికి అప్పుడు అర్థమైంది. దగ్గరికైతే వెళ్ళింది కానీ, పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలక ఒక మెట్టు కింద కూర్చుంది.