కుటుంబం అన్న ప్రశ్నకు నేను రాసిన జవాబు

ఎనిమిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. వేరే ఎవరిదో కాదు, నేను రాసిందే. ఇంగ్లీషులో ఒకటిన్నర పంక్తి. రోజూ పొద్దున పూజలో జనంతో పాటు గుండె మీద చెయ్యి వేసుకుని నా పాపమని అంటాను. అన్న ప్రతిసారీ అదే గుర్తొస్తుంది. అయినా ఇంతవరకు ఎవరికీ చెప్పింది లేదు.

నేను కతోలిక ఫాదర్ని. పేరు అడక్కండి. పాతికేళ్లుగా బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లోనే ఉన్నాను. జనం వచ్చి తెర అవతల మోకరించి వాళ్ల తప్పులు చెబుతుంటే ఇవతల కూర్చుని వినడం నా పని. ఇవాళ నేను అవతలికి వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది.

జోజి గురించి చెప్పాలి. మాది పిట్టలవానిపాలెం. వాడిది రేపల్లె దాటాక సముద్రం వైపున్న చిన్న పల్లె. ఇద్దరం పన్నెండేళ్లప్పుడు ఒకే రోజు ట్రంకు పెట్టెలతో, ఫాదర్లు కావడానికి చదివే సెమినరీలో చేరాం. మొదటి లాటిన్ పరీక్ష కాగానే అక్కడి పెద్ద ఫాదర్ గారు వాడి పేపరు ఎత్తి చూపించి, ఈ పిల్లాడు ఎప్పటికైనా కార్డినల్ అవుతాడన్నారు. కార్డినల్ అంటే ఎర్రటోపీ పెట్టుకుని, పోపుగారిని ఎన్నుకునేవాడు. ఆ రోజు నుంచి వాడి పేరే కార్డినల్ అయిపోయింది. ఆ పరీక్షలో నాకు వాడికన్నా రెండు మార్కులు తక్కువ. రెండు మార్కులు తక్కువ వచ్చినవాడు ఏమవుతాడో ఆయన చెప్పలేదు.

నా కడుపుమంట అక్కడ మొదలైంది. ఆరిపోకుండా ముప్పై ఏళ్లు నేనే పుల్లలు ఎగదోశాను.

ఎనభైల మొదట్లో శ్రీసభ చట్టం, అంటే చర్చి చట్టం, చదవడానికి ఒకర్ని రోముకు పంపాలనుకున్నారు. జోజిని పంపారు. నన్ను విచారణకు వేశారు. విచారణ అంటే మావాళ్ల మాటలో ఒక గుడి, దాని కిందుండే పల్లెలు. నాకు పదకొండు పల్లెలు, ఒక పాత మోపెడ్. వాడు తిరిగొచ్చి చర్చి కోర్టులో జడ్జి అయ్యాడు. చిక్కులో పడ్డ పెళ్లిళ్లు చెల్లుతాయో లేదో తేల్చేవాడు. వాడిదీ విచారణే, నాదీ విచారణే. వాడిది ఫ్యాను కింద, నాది ఎండలో.

రోము నుంచి నాకు తోలు బూట్లు తెచ్చాడు. ఒక సైజు చిన్నవి. ఇరవై ఏళ్ల స్నేహంలో నా కాలి కొలత కూడా తెలియదా వీడికి అని నెలరోజులు రగిలిపోయాను. ఆ కొలత ఉత్తరంలో రాసి పంపింది నేనే. అది గుర్తొచ్చాక కూడా కోపం తగ్గలేదు.

అంతకన్నా లోతుగా దిగింది ఇంకొకటి ఉంది. నా విచారణలో ఒక అబ్బాయి, లూథరన్ల అమ్మాయి పెళ్లి చేసుకోవాలనుకున్నారు. అమ్మాయి మన సభలోకి మారితేనే అని ఏడాదిపాటు తిప్పి పంపాను. జోజి ఒకసారి భోజనానికి వచ్చి, వాళ్ల గోడు విని, చట్టంలో నెంబరు చెప్పి, పది రోజుల్లో అనుమతి తెప్పించాడు. పెళ్లిలో వాళ్లు దండ వాడి మెడలో వేశారు. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేను. అమ్మాయి తండ్రి నా వైపు తిరిగి, "మీరూ కష్టపడ్డారండి ఫాదర్ గారూ," అన్నాడు. ఆ 'మీరూ'లో దీర్ఘం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక వాడి తల్లి, ఆగ్నేసమ్మ పిన్ని. సెలవుల్లో నేను మా ఇంట్లో కన్నా వాళ్లింట్లోనే ఎక్కువ ఉండేవాణ్ని. చేపల పులుసులో తల నాకు వేసి తోక వాడికి వేసేది. గుడిలో పాట ఎత్తుకునేది ఆవిడే. మేం పెద్ద సెమినరీలో ఉండగా ఒక వేసవిలో వాళ్ల ఊళ్లో అమ్మవారి కొలుపులు జరుగుతున్నాయి. డప్పులు ఇంటి ముందు నుంచి వెళ్లాయి. బియ్యం ఏరుతున్న పిన్ని చేట పక్కన పెట్టి లేచి, జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. పూనకం. మెడలో జపమాల అలాగే ఉంది. జోజి ఆవిణ్ని పొదివి పట్టుకుని కూర్చున్నాడు. డప్పులు సందు తిరిగాక ఆవిడ మంచినీళ్లు తాగి, జుట్టు ముడేసుకుని, మళ్లీ బియ్యం ఏరుకుంది. అయిదు నిమిషాలు, అంతే. చిన్నప్పటి నుంచీ కొలుపుల డప్పు వింటే ఇలాగేనని, ఏడాదికి ఒక్కసారేనని, సెమినరీలో తెలిస్తే తనను ఇంటికి పంపేస్తారని చెప్పి జోజి నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఆ రోజు మనస్ఫూర్తిగానే వేశాను.

తొంభైల మొదట్లో నాకొక రిజిస్టర్ కవరు వచ్చింది. దాని లోపల ఇంకో కవరు. జోజిని బిషప్పుగా వేయవచ్చా అని అడిగే ప్రశ్నాపత్రం అది. మనిషిని దగ్గర నుంచి ఎరిగినవాళ్లకు అలాంటివి పంపుతారు. వచ్చిందని కూడా ఎవరికీ చెప్పకూడదు, చెబితే ఘోరమైన తప్పు. ఆ నియమం మాకు క్లాసు తీసుకుని నేర్పింది జోజే. ఇప్పుడు మీతో చెప్పి అదీ మీరుతున్నాను.

మధ్యాహ్నం తలుపేసుకుని కూర్చున్నాను. చదువు? అద్భుతం. ప్రార్థన? లోటు లేదు. నడవడి? నిప్పు. అన్నీ పొగిడాను. ప్రేమతో పొగిడానా? కాదు. అంత మెచ్చుకున్నవాడు ఒక్క లోపం చెబితే ఎవరైనా నమ్ముతారని నాకు తెలుసు. కుటుంబం, వంశంలో వచ్చే జబ్బులు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. 'లేవు' అన్న ఒక్క మాట చాలు. నేను రాసింది ఇది: తల్లికి మతి చలించే జబ్బు ఉంది, నా కళ్లతో చూశాను, ఇంతకన్నా రాయడానికి మనసు రావడం లేదు.

ఆ చివరి ముక్క చూశారా? మనసు రావడం లేదట! డప్పు అని రాయలేదు. అయిదు నిమిషాలని రాయలేదు. నా కళ్లతో చూసిన మాట నిజమే కదా అని ఆ తర్వాత ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో లెక్కలేదు. నిజమా అది? ఆవిడ పెట్టిన పులుసు తిని ఆవిడ ఇంటి వాసాలే లెక్కపెట్టాను. వాడు బిషప్ అయితే నేను వంగి వాడి ఉంగరం ముద్దుపెట్టుకోవాలి. రాస్తున్నంతసేపూ నా కళ్ల ముందున్నది ఆ ఉంగరమే, పిన్ని కాదు.

ఏడాది తిరిగేసరికి వేరే ఆయన బిషప్ అయ్యారు. నా వాక్యం వల్లేనా? ఇంకా కారణాలు ఉండి ఉంటాయిలే అని కొన్నాళ్లు సర్దుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు తెనాలి స్టేషన్‌లో జోజి కనిపించాడు. వాడు రేపల్లె బండి కోసం, నేను బాపట్ల బండి కోసం. బెంచీ మీద పిన్ని కూర్చునే నిద్రపోతోంది. పట్టపగలు, అంత సందడిలో.

"ఏంట్రా, పిన్నికి ఏమైంది?" అన్నాను.

"అమ్మ సంగతి ఎవరో పైకి రాశార్రా. పెద్ద బిషప్ గారు పిలిచి, మీ అమ్మగారికి వైద్యం చేయించకూడదా అన్నారు."

నేను నా బండి వచ్చే వైపు చూశాను.

"టోపీ పోయిందని కాదురా నా బాధ. మా అమ్మని పిచ్చిదన్నారు. ఏమీ లేదని రాయించుకుందామని మెంటల్ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చా. ఆయనేమో బిళ్లలు రాశాడు. అవి వేసుకుంటే ఇదిగో, ఇట్టా."

"ఎవరు రాసుంటారంటావ్?" అన్నాను. ఎంత ధైర్యమో చూడండి నాకు.

"ఫాదర్లలో ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. నీకూ, రోములో నాతో చదివిన కేరళ ఫాదర్‌కీ. నువ్వు రాయవు. అంటే వాడేగా?"

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం రాదు. నోరు తెరిచాను కూడా.

"అయ్యుండొచ్చురా," అన్నాను.

"అంతేలే. నోరు జారింది నేనేగా," అన్నాడు జోజి.

రాసిన వాక్యం కన్నా ఈ ఒక్క మాటే నాకు ఎక్కువ బరువు. కాగితం మీద కుళ్లు రాయించింది. ప్లాట్‌ఫారం మీద ఏం పలికించింది? భయమా? నిజం చెప్పనా, అప్పుడు కూడా లోపల ఒక మూల సంతోషంగానే ఉంది. వాడికి ఆ రోము స్నేహితుడు దూరమయ్యాడు. మిగిలింది నేను.

పిన్ని మళ్లీ గుడిలో పాట ఎత్తుకోలేదు. బిళ్లల మత్తులో వరస మరిచిపోయేది. రెండేళ్లకు పోయింది. ఆ ఊళ్లో ఎవరు పోయినా డప్పు కొట్టి సాగనంపడం ఆనవాయితీ. జోజి వద్దన్నాడు. ఆవిణ్ని చప్పుడు లేకుండా తీసుకెళ్లాం. అమ్మకు నువ్వూ కొడుకువేనంటూ సమాధి దగ్గర నన్ను మాట్లాడమన్నాడు. మాట్లాడాను. జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అందులో కొంత నా ప్రసంగం బాగా వచ్చినందుకు.

మరి పాపసంకీర్తనం చేయలేదా అని మీరు అడగవచ్చు. చేశాను, ఏటా. ఒకరి మీద అసూయ పడ్డాను ఫాదర్ అంటాను. అది అందరికీ ఉండేదేనని ఒక జపమాల చెప్పుకోమంటారు. చెప్పుకుంటాను. ఏం రాశానో, ఎవరి మీద రాశానో, ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పను. పాపం పేరు చెప్పి పాపాన్ని దాచడం నాకు బాగా వచ్చు. ఒకరి మంచిపేరు చెడగొట్టినవాడు ముందు దాన్ని తిరిగి నిలబెట్టాలని పల్లెపల్లెలో చెప్పేది కూడా నేనే.

జోజి ఇప్పుడు కోర్టు పని వదిలేసి, అడిగి మరీ రేపల్లె వైపు ఒక విచారణ వేయించుకున్నాడు. కుర్ర ఫాదర్లు ఇంకా కార్డినల్ గారనే పిలుస్తారు, నవ్వుతూ. ఆ నవ్వు మొదలుపెట్టింది నేనే. వాడు కూడా నవ్వేస్తాడు.

పోయిన వారం వాణ్ని చూడ్డానికి వెళ్లాను. భోజనాలయ్యాక బీరువాలోంచి ఒక ఉత్తరం తీసి నా చేతికిచ్చాడు. కిందటి క్రిస్మస్‌కు, ఇన్నేళ్ల తర్వాత, కేరళ ఫాదర్‌కు తనే రాశాడట, మా అమ్మ గురించి నువ్వు రాసినదాన్ని క్షమించానని. దానికి వచ్చిన జవాబు అది. నువ్వు నాతో మాట్లాడడం ఎందుకు మానేశావో ఇన్నేళ్లూ అర్థం కాలేదు, నేను ఎవరికీ ఏమీ రాయలేదు, నువ్వు నమ్మితే చాలు, అని ఉంది.

"చూశావా," అన్నాడు జోజి. "ఇప్పటికీ ఒప్పుకోడు."

ఉత్తరం మడిచి తిరిగిచ్చాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వాడు అరటిపండు వలిచి నాకిచ్చాడు. తిన్నాను.

ఆ క్షమాపణ నాది. నాకు రావలసింది, ఏ పాపం ఎరగని మనిషి ఇంటికి వెళ్లి ఆయన్ని ఏడిపించింది. జోజికి ఎప్పుడు చెబుతానో తెలియదు. చెప్పగలనో లేదో కూడా తెలియదు. మీరు నన్ను క్షమించకండి, అది మీ చేతుల్లో లేదు. ఒక్కసారైనా సగం మింగకుండా పూర్తిగా అనాలనుకున్నాను. ఆగ్నేసమ్మకు పిచ్చి లేదు. కేరళ ఫాదర్ ఏమీ రాయలేదు. రాసింది నేను. కుళ్లుతో రాశాను.