నలభై నాలుగో తల

మా వదినకి మనుషుల కన్నా తలకాయల మీద నమ్మకం ఎక్కువ. టూరిస్టు బస్సుకి నేను డ్రైవర్ని, ఆవిడ అటెండరు. అన్నయ్య పోయాక ఈ పనిలో చేరింది. ఇరవై రెండేళ్ళుగా బస్సు కదిలే ముందు వెనక సీటు నుంచి ముందుకొస్తూ, ఒక్కో సీటునీ వేలితో తట్టి లెక్కపెడుతుంది. పేర్లు పిలవదు. "పేరు పిలిస్తే పక్కవాడు కూడా పలుకుతాడు మరిదీ, తలకాయ అబద్ధమాడదు" అంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కర్నీ దారిలో వదిలి రాలేదు. ఆ గొప్ప ఆవిడ చెప్పుకోదు, నేనే నలుగురికీ చెబుతుంటాను. కాబట్టి ఆ రోజు జరిగింది కూడా నేనే చెప్పాలి.

ఆ వారం ఊళ్ళో కంప్యూటర్ పండితుల సదస్సు. మూడో రోజు మధ్యాహ్నం వాళ్ళని రెండు బస్సుల్లో లైట్‌హౌస్ కొండకి తిప్పుకొచ్చి విందు హాలు దగ్గర దింపాలి. ఎన్నో రకాల జనాన్ని మోశాను గానీ ఇలాంటి వాళ్ళని చూడలేదు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, దానికి వీపు తిప్పి వాదించుకుంటారేమిటండీ! ఐదున్నరకి కొండ గేటు మూసేస్తారని వదిన గొంతు చించుకుంటే, మాట ఆపకుండానే వచ్చి ఎక్కారు. వదిన తట్టుకుంటూ వచ్చింది. నలభై నాలుగు, సరిపోయింది. "పోనియ్" అంది. పోనిచ్చాను.

హాల్లో విందు మొదలయ్యాక మేమిద్దరం వంటగది పక్కన టీ తాగుతున్నాం. మొదటి బస్సు అటెండరు, మేం మీసాల మామ అని పిలిచే ఆయన, వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మా గడ్డం ప్రొఫెసరు మీ బస్సులో బానే వచ్చాడా అమ్మా? ఎవరితోనో వాదన తెగలేదట, నాతో చెప్పి మీదాంట్లో ఎక్కేశాడు."

వదిన గ్లాసు కింద పెట్టేసింది. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఆయనతో కలిపి నలభై నాలుగైతే మా వాళ్ళు నలభై ముగ్గురే. ఒకరు కొండ మీదే ఉండిపోయారు.

"ఆ మాట నాతో అనాలి కదా మామా" అంది వదిన. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ తిట్టడానికి టైమెక్కడిది? లైట్‌హౌస్ వెనక రాతిమెట్లు సముద్రంలోకి దిగుతాయి. అంతా నాచు. పొద్దు వాలితే నీళ్ళు పైమెట్ల దాకా వస్తాయి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. గేటు వాచ్‌మన్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

వదిన తిన్నగా వెళ్ళి సదస్సు కార్యదర్శిని పట్టుకుంది. స్టేజీ మీద ఎవరికో బహుమతి ఇస్తున్నారు.

"చిన్నపిల్లలా అమ్మా, పెద్దవాళ్ళు. ఏ కారో ఎక్కి వెళ్ళిపోయుంటారు. ఇప్పుడు మైకులో అడిగితే ఏం బాగుంటుంది?" అన్నాడాయన.

"బాగోడానికేముంది బాబూ. ఆ లిస్టు ఇటివ్వండి, నేనే చూసుకుంటాను."

లిస్టు పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగింది. మెడలో కార్డులు చదువుతూ టిక్కు పెడుతోంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పేర్లు చదవడం అదే మొదటిసారి. చివరికి ఒక్క పేరు మిగిలింది, ఎవరో ఆడపిల్లది.

లిస్టులో సీటు నంబర్లు చూస్తే, పోయేటప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చున్నది ఓ కళ్ళజోడాయన. వదిన ఆయన్ని అడిగింది.

"ఎవరో అమ్మాయి ఉన్నట్టుందండీ. నేను పేపరు చదువుకుంటున్నాను."

"వచ్చేటప్పుడు లేదని చూసుకోలేదా?"

"వచ్చేటప్పుడు ఎవరో గడ్డమాయన కూర్చున్నాడండీ" అని ఐస్‌క్రీమ్ వైపు తిరిగాడు.

అప్పటికి రాత్రి ఏడు దాటింది. ఎనభై ఎనిమిది మందికి వడ్డిస్తే ఒక కుర్చీ ఖాళీగా ఉందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఏం చదువులండీ ఇవి!

బస్సు తీశాను. వదిన సీట్లో కూర్చోలేదు, నా వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. "తొందరగా పోనియ్" అంటుంది, మలుపు రాగానే "నెమ్మది" అంటుంది. "ఆ మెట్లు దిగి ఉండదు కదా మరిదీ?" అని మూడుసార్లు అడిగింది. దిగి ఉండదని మూడుసార్లూ చెప్పాను. నాకేం తెలుసు?

గేటుకి తాళం పడింది. బయట పిట్టగోడ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. మోకాళ్ళ దాకా తడిసిపోయింది. వదిన బస్సు ఆగకముందే దూకి, ఆ పిల్ల తలా భుజాలూ తడిమి చూసింది.

"రేపు సదస్సులో మొదటిసారి మాట్లాడాలండీ. వెనక్కి వెళ్ళి సముద్రం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను. వచ్చేసరికి బస్సుల్లేవు" అంది. 

"ఫోన్ చెయ్యొచ్చు కదమ్మా" అన్నాను.

"ఉందండీ, చార్జింగ్ కూడా ఉంది. ఎవరికి చెయ్యాలో తెలీలేదు. ఇక్కడ నాకెవరూ తెలీదు."

వదిన తన శాలువా కప్పి ముందు సీట్లో కూర్చోబెట్టింది. కొండ సగం దిగాక ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"నేను లేనని ఎవరు గమనించారండీ?"

మా యజమాని బతిమాలినా లెక్కలో ఒక్క తల ఎక్కువ రాయని మనిషి మా వదిన. అద్దంలో ఆవిడ మొహం చూశాను.

"అందరూనమ్మా. అన్నాలు ముందు పెట్టుకుని నీ కోసమే కూర్చున్నారు."

ఆ పిల్ల తడికాళ్ళు దగ్గరికి ముడుచుకుని నవ్వింది. "అయ్యో, పాపం, తినెయ్యమనాల్సింది" అంది.

మేం చేరేసరికి ఆ హాలు ఖాళీ అయిపోతే బాగుండనిపించి, అప్పటిదాకా తొక్కిన తొక్కుడు ఆపి, బస్సుని రెండో గేరులోకి దించాను. "కాస్త నెమ్మదిగానే పోనియ్ మరిదీ" అంది వదిన.