సిమెంటు నేల మీద నాలుగు నిమిషాలు

లైల్ ప్రోకోప్ కుడిచేతికి మెటికలు లేవు. అవి ఉండాల్సిన చోట చర్మం నున్నగా, చదునుగా ఉంటుంది. పిడికిలి బిగిస్తే పొలంలోంచి అప్పుడే తవ్వి తీసిన బంగాళాదుంపలా కనిపిస్తుంది. ఆ మెటికలన్నీ పదకొండు సీజన్లలో, ఊరికొకటి చొప్పున, ఎవరెవరి దవడల మీదో హెల్మెట్ల మీదో అరిగిపోయాయి.

కెనడాలో కనోరా దగ్గర గోధుమ పొలాల్లో పుట్టి, పదిహేడేళ్ళకే ఇల్లు వదిలి మంచు మీద ఆడే హాకీకి పోయాడు. ఆడటానికి పోయాడంటే అబద్ధం. కొట్టడానికి పోయాడు. అప్పట్లో ప్రతి జట్టూ బెంచీ చివర ఒక కొట్లాటగాణ్ణి కూర్చోబెట్టుకునేది. మనవాళ్ళలో గోల్స్ కొట్టే కుర్రాణ్ణి అవతలివాడెవడైనా కర్రతో పొడిస్తే, కోచ్ ఆ చివరికి చూసి తలూపేవాడు. అంతే, లైల్ గోడ దూకి మంచు మీదికి దిగేవాడు. ఎన్ని గోల్స్ కొట్టావని అడిగితే నవ్వేసేవాడు. ఎన్ని పళ్ళు రాలగొట్టావని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించేవాడు.

ఆ కొట్లాటకీ ఒక పద్ధతి ఉంది. చెప్పకుండా కొట్టకూడదు. "వస్తావా?" అని అడగాలి. అడిగాక అవతలివాడు రానంటే ఇక వాడికి మొహం ఉండదు, సొంత జట్టువాళ్ళే పక్కన కూర్చోరు. చేతితొడుగులు కింద పడెయ్యాలి. మోకాలు నేలకి తగిలినవాణ్ణి ముట్టుకోకూడదు. అయిపోయాక గెలిచినవాడు ఓడినవాడి నెత్తి మీద ఓసారి తట్టి పోవాలి. ఆ తట్టుతో లెక్క చెల్లు. పగలు దాచుకోవడం ఉండదు.

ఈ పద్ధతిలో లైల్‌కి సమ ఉజ్జీ గార్త్ లండీన్. సస్కటూన్‌లో ఒకసారి లండీన్ గుద్దితే లైల్ బుగ్గ ఎముక లోపలికి దిగబడిపోయింది. ఇప్పటికీ చలిగాలి తగిలితే ఆ పక్క కంట్లోంచి నీళ్ళు కారతాయి. మరుసటేడు లైల్ గుద్దితే లండీన్ చెవిపర్దా చిరిగింది. ఇద్దరూ రిటైరయ్యాక హామిల్టన్ జట్టులోనే చేరారు. కుర్రాళ్ళని వెతికే స్కౌట్లందరికీ పెద్ద లండీన్. సస్కాచువాన్ పల్లెల్లో రింకులన్నీ తిరిగే స్కౌట్ లైల్. విస్కీ కలిసే తాగేవారు. లైల్‌తో మాట్లాడాలంటే లండీన్ బాగున్న చెవి ఇటు తిప్పుకునేవాడు. లైల్ ఆ కన్ను తుడుచుకుంటూ జవాబు చెప్పేవాడు.

ఆ ఏడాది శీతకాలంలో స్విఫ్ట్ కరెంట్ రింకులో లైల్ ఒక కుర్రాణ్ణి చూశాడు. పేరు టోబియాస్ వీబ్. పద్దెనిమిదేళ్ళు, ఆరున్నర అడుగుల ఎత్తు, తలుపుకి సరిపోని భుజాలు. హెప్‌బర్న్ ఊరి మెనొనైట్ల ఇంటి బిడ్డ. ఆ చర్చివాళ్ళు సైన్యంలో చేరరు, మనిషి మీద చెయ్యెత్తరు. ఆరోజు అవతలి జట్టులో క్రోకర్ అనే పొగరుబోతు వెనకనించి వచ్చి వీబ్ మొహాన్ని రింకు చుట్టూ ఉండే అద్దపు గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. క్రోకర్ తొడుగులు విసిరేసి, వస్తావా అన్నాడు. వీబ్ చేతులు కిందే ఉంచాడు. క్రోకర్ గుద్దాడు. ఒకటి, రెండు, మూడు. పెదవి చీలింది, తెల్లటి మంచు మీద నెత్తురు చారలు చారలుగా పడింది. వీబ్ వాణ్ణి రెండు చేతులా వాటేసుకుని, లైన్స్‌మన్‌లు వచ్చి విడదీసేదాకా అలాగే నిలబడ్డాడు. జనం పిరికి వెధవా అని అరిచారు. లైల్ పక్కన కూర్చున్న లండీన్, ఈ దున్నపోతుకి కొమ్ముల్లేవురా అని నవ్వుతూ కాఫీకి లేచిపోయాడు.

దాంతో తర్వాత జరిగింది లండీన్ చూడలేదు. వీబ్ ముక్కులో దూది కుక్కుకుని మళ్ళీ దిగాడు. నలుగురు కాళ్ళడ్డం పెట్టినా, ఆ కాళ్ళ సందుల్లోంచి పక్ అనే ఆ రబ్బరు బిళ్ళని మెత్తగా, అవతలి చివర్న ఉన్న తనవాడి కర్ర ముందుకి పంపాడు. లైల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మంచు మీద అంత అందమైన పని తను జన్మలో చెయ్యలేదు. చెయ్యమని తననెవడూ అడగనూ లేదు.

వాళ్ళింటికి పోయాడు. తల్లి సాసేజీ, మీగడ పులుసు పోసిన వెరెనికీ కుడుములు పెట్టింది. తండ్రి అబ్రామ్ మితభాషి. ఈ వేసవి డ్రాఫ్టులో, పెద్ద జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే రోజున, ఎవరైనా పిలిస్తే సరి, లేకపోతే కుర్రాడు స్కేట్లు అటకెక్కించి మేనమామ వెల్డింగ్ షెడ్డులో చేరాలన్నాడు. ఇంకో ఏడాది ఇవ్వడట. లైల్ వెరెనికీ మింగి, పేరు నేను పిలిపిస్తానన్నాడు. మాటిచ్చేశాడు.

డ్రాఫ్ట్ జూన్‌లో, విన్నిపెగ్‌లో. రింకు మీద పలకలు పరిచి జట్టుకో బల్ల వేస్తారు. వంతు రాగానే పైన పెద్ద తెర మీద గడియారం పరుగు మొదలుపెడుతుంది. మొదటి రౌండులో మూడు నిమిషాలు, తర్వాత రెండు, చివరి రౌండ్లలో ఒక్కటంటే ఒక్కటే. ఆలోపు బల్ల మీది ఫోనులో వేదికకి పేరు చెప్పాలి. పొద్దున జట్టు తరఫున ఎవరు మాట్లాడతారని రాసిచ్చారో ఆ మనిషి గొంతే వినబడాలి. లేకపోతే వంతు దాటిపోతుంది, పక్క జట్టు అందుకుంటుంది. ఏ జట్టయినా మొత్తమ్మీద ఒక్కసారి నాలుగు నిమిషాలు అదనంగా అడగొచ్చు. హామిల్టన్ అది ఇంకా వాడుకోలేదు. చివరి రౌండ్లు నువ్వే చూసుకో అని పొద్దున్నే లండీన్ పేరు రాసిచ్చి మేనేజరు ఎక్కడో గదిలో ఇంకో బేరంలో ఉన్నాడు. హామిల్టన్‌కి పిలవడానికి మిగిలింది ఒకే ఒక్క పేరు.

వంతు వచ్చింది. గడియారం కదిలింది. లండీన్ ఫోను మీద చెయ్యేసి క్రోకర్ అన్నాడు.

లైల్ ఆ చేతి మీద చెయ్యేశాడు. "వీబ్."

"ఒరే, చెయ్యి తియ్."

"వీబ్ అను, తీస్తాను."

"కొట్టనివాణ్ణి ఏం చేసుకుంటాన్రా? ఊరేగిస్తానా? నాకు నీలాంటోడు కావాలి."

"నాలాంటోడు ఎందుకూ పనికిరాడు గార్త్. నాకు తెలుసు. నువ్వూ పనికిరావు."

లండీన్ మొహం ఎర్రబడింది. రెండో చెయ్యెత్తి అదనపు సమయం అడిగాడు. తెర మీద నాలుగు నిమిషాలు పడ్డాయి. లండీన్ క్రోకర్ గొప్పలు ఏకరువు పెట్టడం మొదలుపెట్టాడు. లైల్ వినలేదు. పైన గ్యాలరీలో ఎవరి పెళ్ళికో కొన్న కోటు వేసుకుని వీబ్ తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాడు. లైల్‌కి మాటలు రావు. వాదించడం అతనికెవరూ నేర్పలేదు. వచ్చిందొకటే.

"వస్తావా?" అన్నాడు.

చుట్టుపక్కల నాలుగు బల్లల్లో చప్పుడాగింది. అక్కడున్న సగంమంది పాత ఆటగాళ్ళే. వీళ్ళిద్దరూ యాభై దాటిన తాతలు, మెడలో టైలు. లండీన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అడిగాక రానన్నవాడు రేపు ఏ రింకులోనూ తలెత్తి కాఫీ తాగలేడు.

"ఎవడు పడితే వాడి కుర్రాడు పోయినట్టే," అని లేచాడు.

నల్ల తెర వెనక, మంచు నునుపు చేసే బండి నిలిపే సిమెంటు నడవాలోకి పోయారు. కోట్లు విప్పారు, టైలు లాగేశారు. ఒకరి చొక్కా ఒకరు ఎడమ చేత్తో గుప్పిట పట్టారు. లండీన్‌దే మొదటి దెబ్బ. అది లైల్ పాత బుగ్గ మీదే పడింది. కంట్లో మెరుపు మెరిసింది, నోట్లో ఇనుము రుచి తగిలింది. లైల్ లండీన్ పక్కటెముకల కింద గుద్దాడు, గాలి ఉఫ్ మని బయటికొచ్చింది. లండీన్ నుదుటితో పొడిచాడు. లైల్ కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారింది. తుడుచుకోలేదు. లండీన్ ఇంకోటి కొట్టాడు, మరోటి కొట్టాడు. లైల్ వీపు బండికి తగిలింది. అక్కణ్ణించి తోసుకుని, భుజం తిప్పి, కుడిచెయ్యి విసిరాడు.

ఇక్కడే ఇద్దరూ ఒకటి మరిచారు. వీళ్ళు జన్మలో నేల మీద కొట్టుకోలేదు. మంచు మీద గుద్దితే స్కేట్లు వెనక్కి జారతాయి, సగం బలం కాళ్ళకిందే పోతుంది. అందుకే ఎంత కొట్టుకున్నా బతికి బట్టకట్టారు. సిమెంటు మీద బూటు జారదు. లైల్ ఎప్పటి కొలత ప్రకారమే కొట్టాడు, దెబ్బ తగలాల్సిన దానికి రెట్టింపు బలంతో తగిలింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. లండీన్ దవడ పక్కకి పోయింది. రెండు మోకాళ్ళూ నేలకి తగిలాయి.

లైల్ వెంటనే ఆగిపోయాడు. నెత్తి మీద తట్టాడు. చంకల కింద చేతులేసి లేపాడు. లండీన్ కూడా మనిషే, మాట తప్పలేదు. చొక్కా నిండా నెత్తురుతో తూలుకుంటూ బల్ల దగ్గరికి నడిచాడు. గడియారంలో ఇంకా అర నిమిషం ఉంది. ఫోనెత్తాడు.

నోరు తెరిచాడు. దవడ కదల్లేదు. గొంతులోంచి గురగుర మని, ఫోను మీద నెత్తురూ ఉమ్మీ కారాయి. వీబ్ అనే మాట ఎంత చిన్నదో అంత అసాధ్యమైపోయింది. వేదిక మీది ఆవిడ, సార్ వినబడట్లేదు, పేరు మళ్ళీ చెప్పండి అంటోంది. లైల్ ఫోను లాక్కుని వీబ్, టోబియాస్ వీబ్ అన్నాడు.

"మీరెవరండీ?"

"లైల్ ప్రోకోప్."

"లండీన్ గారు మాట్లాడాలండీ."

"ఆయన దవడ విరిగిందమ్మా, నేనే విరగ్గొట్టాను, పేరు రాసుకో."

ఆవిడ రాసుకోలేదు. లైల్ ఫోను పడేసి వేదిక వైపు పరిగెత్తాడు. నెత్తురు మొహంతో ఒక దుక్కలాంటి మనిషి మీదికొస్తుంటే కాపలావాళ్ళు ఊరుకుంటారా? ఇద్దరు కాళ్ళ మీద పడ్డారు, మూడోవాడు మెడ మీద మోకాలు పెట్టాడు. లైల్ గడ్డం పలకకి కొట్టుకుంది, పన్నొకటి ఊడింది. వీబ్ వీబ్ అని అక్కణ్ణించే అరుస్తున్నాడు. ఒకడు చెయ్యి వెనక్కి మెలితిప్పాడు, భుజంలో ఏదో టక్ మంది. అయినా అరుస్తూనే ఉన్నాడు. గడియారం సున్నాకొచ్చి బూర మోగింది.

వంతు ఒమాహా వాళ్ళది. వాళ్ళు శాండ్‌విచ్‌లు తింటున్నారు. హామిల్టన్ దాటిపోతుందని అనుకోలేదు కాబట్టి పేరు సిద్ధంగా లేదు, ఉన్నది ఒక్క నిమిషం. వాళ్ళ పెద్ద మూతి తుడుచుకుని, ఆ కింద పడ్డవాడు ఎవడి పేరు అరుస్తున్నాడ్రా అన్నాడు. పక్కవాడు కంప్యూటరు చూసి, ఆరడుగుల ఆరంగుళాలు, నూటపది కిలోలు అన్నాడు. పెద్ద ఇంకేం అడగలేదు.

టోబియాస్ వీబ్ పేరు స్పీకర్లలో మోగింది. మెడ మీద మోకాలు ఉండగానే విన్నాడు లైల్. నవ్వాడో ఏడ్చాడో అతనికే తెలీదు.

లండీన్‌ని స్ట్రెచరు మీద తీసుకుపోయారు. మేనేజరు వచ్చి లైల్ మెడలోంచి జట్టు బిళ్ళ తెంపుకుపోయాడు. పోలీసులు వచ్చేదాకా గ్యాలరీ మెట్ల దగ్గర కూర్చోమన్నారు. అక్కడికి వీబ్ కుటుంబమే దిగొచ్చింది. కుర్రాడి నెత్తిన ఒమాహా టోపీ ఉంది.

అబ్రామ్ లైల్ చేతులు చూశాడు, చొక్కా చూశాడు. వచ్చి కొడుక్కీ అతనికీ మధ్య నిలబడ్డాడు.

"ప్రోకోప్ గారూ, ఆ నెత్తురు మావాడి కోసమేనా?"

"అవునండీ."

"మేం అడగలేదే."

తండ్రి భుజం మీంచి కుర్రాడు వంగి చూశాడు. ముక్కు వంకరగానే అతుక్కుంది.

"సార్, నేను కొట్టనని వాళ్ళకి తెలుసా?"

"తెలీదు."

"మీరు చెప్పలేదా?"

"చెప్పే టైము లేదబ్బాయ్."

కింద ఒమాహా కోచ్ చెయ్యూపుతున్నాడు. ఇలాంటి భుజాల కోసమే మూడేళ్ళుగా వెతుకుతున్నాం, నిన్ను చూస్తే ఇక మావాళ్ళ మీద ఎవడు చెయ్యేస్తాడు అని అందరికీ వినబడేలా అంటూ గాల్లో పిడికిలి ఆడించి చూపించాడు.

వీబ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కుర్రాడొక్కడే మెట్లు దిగి కోచ్ ముందు నిలబడి, మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. కోచ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. లైల్ మెట్ల మీంచి లేవబోయాడు. కాపలావాడు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ఊడిన భుజమే అది. లైల్ పళ్ళు బిగించి, ఆ కోచ్ మొహంలో నవ్వు ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నాడు.