గుమ్మంలో నిలబడిన పిల్ల

మొన్న కళ్ళు చూపించుకోవడానికి బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రికి వెళ్ళాను. కంట్లో చుక్కలు వేసి కాసేపు బయట కూర్చోమన్నారు. ఎదురుగా గోడమీద టీవీ, శబ్దం లేకుండా నడుస్తోంది. లేతరంగు చీర కట్టుకున్న ఒక అమ్మాయి, నా మసక చూపులో ఇంకాస్త మసగ్గా, మెట్లు దిగి వస్తోంది. ఎప్పుడో అయిపోయిన సీరియల్‌ని మళ్ళీ వేస్తున్నారు కాబోలు. పక్కన కూర్చున్నావిడ నిట్టూర్చి, "ఎంత మంచి పిల్లండీ, ఎన్ని బాధలు పెట్టినా పల్లెత్తు మాట అనదు" అంది. అవునండీ అన్నాను. అంటూనే చీరకొంగు భుజం చుట్టూ లాక్కున్నాను. ఏసీ చల్లదనం వల్ల మాత్రం కాదు.

ఆ పిల్లతో మాకున్న పరిచయం వేరు. కరోనా మొదలైన వేసవిలో షూటింగులు ఆగిపోయి, కథ నడిమధ్యలో సీరియల్ నిలిచిపోయింది. అప్పుడు మేం భవానీపురంలో ఒకే అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. పైన మేము, కింద మా మరిది, తోటికోడలు, వాళ్ళతో మా అత్తయ్యగారు. అత్తయ్యగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో సగంమంది నంబర్లు ఆవిడ నాలుక చివర ఉండేవి. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఎదురుపడితే పేరు కన్నా ముందు వాళ్ళ పాత ల్యాండ్‌లైన్ నంబరు చెప్పి పలకరించేవారు. ఆ నంబరు వాళ్ళే మర్చిపోయి ఉండేవారు. అదీ ఆవిడ సరదా, ఆవిడ గర్వమూనూ. ఆ సీరియల్ ఒక్కరోజు కూడా మానకుండా చూసేవారు. నాయిక నోరు తెరవకుండా అన్నీ భరిస్తుంటే, "దీనికి రోషం లేదే" అని విసుక్కుంటూనే కళ్ళు తుడుచుకునేవారు. మా ఇంటి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాయికకు ఏడుపులరాణి అని పేరు.

సీరియల్ ఆగిపోయాక ఆ గ్రూపు చూడాలి. తర్వాత ఏమవుతుందో తెలియక, ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. అలాంటి గోలలో ఒక మధ్యాహ్నం మా తోటికోడలు ఒక భాగం రాసి పెట్టింది. ఆమె గురించి చెప్పాలంటే, పదిమందిలో ఉన్నప్పుడు ఆమె ఉన్నట్టే తెలిసేది కాదు. అలాంటి మనిషి ఆ ఏడుపులరాణి చేత ఏడుపు మాన్పించింది. అరుపుల్లేవు, విషం కలపడాల్లేవు. కోడలు మెల్లగా ఇంట్లో వస్తువులు జరపడం మొదలుపెడుతుంది, అంతే. ఈ అలమరలోవి ఆ అలమరలోకి. గడియారం కొంచెం ముందుకి. అత్తగారు వెతుక్కుంటుంటే తనే ఎదురువచ్చి, "మీరే పెట్టారు కదండీ" అని చిరునవ్వు నవ్వుతుంది. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో ఎవరికీ తమ మీద తమకే నమ్మకం ఉండదు.

గ్రూపు ఊగిపోయింది. ఆమె రోజుకో భాగం రాయడం మొదలుపెట్టింది. మచిలీపట్నంలో ఉన్న మా మేనకోడలు, ఇన్నేళ్ళు ఏడిపించినందుకు వాళ్ళకి అలాగే కావాలంది. గుణదల పిన్నికి మాత్రం దిగులు పట్టుకుంది. ఆవిడ చర్చిలో ప్రార్థన చేయించవలసినవాళ్ళ పేర్లలో, మోకాళ్ళ ఆపరేషనైన వదినగారికీ ఉద్యోగం లేని అల్లుడికీ మధ్య, ఆ సీరియల్ పిల్ల పేరు కూడా చేర్చింది. పాస్టరుగారు ఆ అమ్మాయి ఏ ఊరమ్మా అని అడిగారట. మొదట్లో అంతా నవ్వులే. తర్వాత ఒకరు మా ఇంట్లో దువ్వెన కనపడటం లేదని రాశారు. ఇంకొకరు మా తాళంచెవులూ అని రాశారు. ఆ మెసేజీల చివర నవ్వుబొమ్మలు ఉండేవి. రానురాను అవి తగ్గిపోయాయి. నేనే ఒకరోజు స్టవ్ కట్టేశానని గట్టిగా తెలిసి కూడా, గదిలోంచి రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

అత్తయ్యగారికి ఫోనులో చిన్న అక్షరాలు కనపడవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిందికి దిగి నేనే ఆ భాగాలు చదివి వినిపించేదాన్ని. హైవే మీద లారీల రొద కూడా లేని రోజులవి. ఫ్యాను చప్పుడు, నా గొంతు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఒకసారి చదువుతూ తలెత్తితే అత్తయ్యగారు నన్ను కాదు, నా వెనక వంటింటి గుమ్మం వైపు చూస్తున్నారు. ఏంటండీ అన్నాను. "ఏం లేదమ్మా, నువ్వు చదువు. అదీ వింటోంది" అన్నారు, ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినంత మామూలుగా. తిరిగి చూశాను. కర్టెన్ కదులుతోంది. ఆ పూట బయట గాలి లేదు, ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పెరుగు తోడుకోసం కిందికి వెళ్ళాను. తోటికోడలు బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అత్తయ్యగారి కళ్ళజోడు పైకి తీస్తోంది. ముందురోజు రాసిన భాగంలో ఆ కోడలు అత్తగారి కళ్ళజోడు దాచింది బియ్యం డబ్బాలోనే. నన్ను చూసి ఆమె కంగారుపడలేదు. అద్దాల మీది తవుడు కొంగుతో తుడిచి, అలవాటైన పనిలా ముందుగదిలోకి తీసుకెళ్ళి ఇచ్చింది. "మళ్ళీ తీశావా?" అన్న అత్తయ్యగారి గొంతు వినిపించింది. ఆమె తిరిగొచ్చి కాఫీ కలిపి నాకిచ్చింది. ఆ కప్పు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేకపోయాను.

సాయంత్రం ఎండ తగ్గకముందే డాబామీద ఆమె బట్టలు తీస్తున్న చోటికి వెళ్ళి అడిగేశాను. "ఏంటమ్మా ఇది? కథలో రాసినవన్నీ ఇంట్లో చేస్తున్నావా?"

ఆమె దుప్పటి మడత సగంలో ఆపింది. దూరంగా కృష్ణ నీళ్ళు తగ్గి, ఇసుక మెరుస్తోంది. ఆ వైపే చూస్తూ చెప్పింది.

"ముందు ఇంట్లో జరిగినవే అక్కా, నేను తర్వాత రాసినవి. క్రిస్మస్‌కి ముందునించీ ఇదే వరస. ఆ కళ్ళజోడు బియ్యంలో దొరకడం ఇది ఎన్నోసారో. ఆవిడే పెడతారు, ఆవిడే మర్చిపోతారు, నేను తీశానంటారు. నేను కాదండీ అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. నిజంగా తీసే మనిషి ఒకత్తి ఉంటే బాగుండునని రాసుకున్నాను."

మీ ఆయనకు చెప్పలేదా అంటే, అమ్మకి జ్ఞాపకం తప్పుతోందంటే ఆయన ఒప్పుకోరంది. ఊరి నంబర్లన్నీ చెప్పే మనిషికి అలా ఎందుకవుతుందని ఎదురు అడిగారట. ఆ మర్నాడు నేను మామూలు కబుర్లలో పెట్టి అత్తయ్యగారిని మా పాత ఇంటి ఫోను నంబరు అడిగాను. ఆవిడ నోరు తెరిచారు, మూశారు. నంబరు బదులు, "అదెక్కడో పెట్టేసింది" అన్నారు, గుమ్మం వైపు చూస్తూ.

గుణదల పిన్ని పోరు పడలేక తోటికోడలు ఆ పిల్లను మార్చేసింది. అది తప్పు ఒప్పుకుని, దాచినవన్నీ తెచ్చి అత్తగారి ఒళ్ళో పోసి, ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. బాగా రాసింది. గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. అది నేను చదివి వినిపిస్తే అత్తయ్యగారు చివరిదాకా విన్నారు. తర్వాత మా ఇద్దరినీ దగ్గరికి పిలిచారు. 

"దాన్ని పంపించెయ్యకండమ్మా" అన్నారు. "అది పోతే, మరి ఇవన్నీ ఎవరు చేస్తున్నట్టు?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆవిడకు అంతా తెలుసు. ఎప్పటినుంచి తెలుసో అడిగే ధైర్యం మాకు లేదు. తోటికోడలు అక్కడే ఫోను తీసి ఆ భాగాన్ని గ్రూపులోంచి చెరిపేసింది. సాయంత్రం పెట్టిన కొత్త భాగంలో ఆ పిల్ల మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది. పిన్ని అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

షూటింగులు మొదలయ్యాయి. టీవీలో ఏడుపులరాణి యథాప్రకారం ఏడుస్తూ క్షమిస్తూ తిరిగొచ్చింది. గ్రూపులో మిగతావాళ్ళు అటు వెళ్ళిపోయారు. అత్తయ్యగారు మాత్రం కాసేపు చూసి, ఇది ఆ పిల్ల కాదు, ఎవరికో వేషం వేశారని టీవీ కట్టేయించారు. డాక్టరు చెప్పవలసింది చెప్పాక మరిది కూడా ఒప్పుకున్నాడు, ఒకరోజంతా గది తలుపు వేసుకున్న తర్వాత. తోటికోడలు ఆ కథ రాస్తూనే ఉంది, ఒకే ఒక్క శ్రోత కోసం. ఆమెను మళ్ళీ ఎప్పుడూ అత్తయ్యగారు తీశావా అని అడగలేదు.

చివరి రోజుల్లో ఆవిడ కొడుకులను కూడా గుర్తుపట్టలేదు. ఒక మధ్యాహ్నం తోటికోడలు జావ పట్టిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ముఖంలోకి చాలాసేపు చూశారు. "వచ్చావా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. "అన్నీ ఎక్కడ పెట్టావే?"

నేను మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాను. తోటికోడలు గిన్నె కింద పెట్టింది. తను రాసిన ఆ పిల్ల నవ్వే నవ్వు నవ్వింది.

"జాగ్రత్తగానే ఉన్నాయండీ. నా దగ్గరే ఉన్నాయి."

ఆవిడ తలూపి, నోరు తెరిచి జావ తాగారు.

మనుషుల దగ్గరనుంచి ఒక్కొక్కటే తీసుకుపోయే కాలానికి ముఖం ఉండదు. మా ఇంట్లో మాత్రం కొన్నాళ్ళపాటు దానికొక ముఖం ఉండేది, అడిగితే జవాబు కూడా చెప్పేది.