ఆక్టోపస్ బొమ్మల టీచరమ్మ

మా కాలనీ బడి సైన్సు టీచరమ్మ పోయిన నెల కన్నుమూశారు. మొదటి షిఫ్టు దిగే వేళ ఆ కబురు నాకు ల్యాంపు రూములో అందింది. గనిలోకి పోయేవాళ్ళకు దీపాలిచ్చి లెక్క రాయడం నా పని. ఆ పూట కూడా రాశాను. చేతికి ఇంకేం చేయాలో తెలియలేదు.

ఆమె పంతొమ్మిదివందల అరవైల చివర్లో గోదావరిఖనికి వచ్చారు. అంతకుముందు విశాఖ తీరాన ఒక పరిశోధన కేంద్రంలో ఉంటూ ఏళ్ళ తరబడి ఆక్టోపస్‌లను గమనించారు. అవి ఎక్కడ దాక్కుంటాయో, ఎప్పుడు రంగు మారుస్తాయో బొమ్మలు గీసి, కింద వివరం రాశారు. ఒక్కో ఆక్టోపస్‌ది ఒక్కో స్వభావమని తేల్చారు. స్వభావం మనుషులకే ఉంటుందని, ఆ మాట కొట్టేస్తేనే అచ్చు వేయిస్తానని ఆమె పై అధికారి అన్నారట. ఆమె కొట్టేయలేదు. ఆ పరిశోధన అచ్చు కాలేదు. "నేను చూశాను. ఆయన చూడలేదు" అనేవారు, గొంతు పెంచకుండా.

ఆదివారాలు తన క్వార్టరు వరండాలో ఆ బొమ్మలు పరిచి, వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. స్వభావం గొడవ విని పక్క క్వార్టరు అవ్వ ఒకసారి నవ్వింది.

"గా పెద్దసారు ఎన్నడు బర్రెల్ని సాదలేదు గావచ్చు. మా రెండు బర్రెలకే రెండు గుణాలు. ఎనిమిది చేతులున్నదానికి ఉండదా?"

టీచరమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

ఆమె చేతులు వణకడం మొదలయ్యాక, నలిగిన కాగితాలకు నేను మేలుప్రతులు రాసిచ్చాను. అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేద్దామన్నాను. "పెట్టెలో పెడితే చెదలు చదువుతాయయ్యా. మనుషులతో చదివించు" అన్నారు.

క్వార్టరు ఖాళీ చేయడానికి ఆమె తమ్ముడు వచ్చారు. గిన్నెలు, బట్టలు మూట కట్టించి, ఈ కాగితాల కట్టను వాకిట్లో చెత్త మీద వేయించారు.

"మా అక్క బతుకంతా తిన్నవి ఇవే. తగలెట్టేయండి. బొగ్గు తవ్వే ఊళ్ళో వీటితో ఎవరికి పనండీ?"

"మాకే" అన్నది అవ్వ. "ఏం బిడ్డా, బొగ్గు తవ్వెటోళ్లకు సముద్రం సంగతి తెల్వద్దా?"

నేను కట్ట ఎత్తి చంకలో పెట్టుకున్నాను. ఆయన చెయ్యి చాపారు. "ఇవ్వను" అన్నాను. ఒకరి ముఖం మీద అలా అనడం నాకదే మొదలు. ఆయన నన్ను, నా వెనక నిలబడ్డ వాడకట్టును చూసి లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడవి అట్టలకు అంటుకుని, కాలనీ రీడింగు రూములో మేకులకు వేలాడుతున్నాయి. ల్యాంపు రూము పద్ధతే పెట్టాను. గనిలోకి దిగే మనిషి తన నంబరు బిళ్ళ మేకుకు తగిలించి దీపం తీసుకుంటాడు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. ఇక్కడ నేను ఇంటింటికీ ఇచ్చిన రేకు బిళ్ళ తగిలించి బొమ్మను ఇంటికి తీసుకుపోవచ్చు. పాడైపోతాయని కొందరన్నారు. పాడైతే మళ్ళీ రాస్తాను. ఆ అధికారి కొట్టేయమన్న మాటతో సహా రాస్తాను.

షిఫ్టు అయిపోయాక కూడా ల్యాంపు రూము మేకుకు బిళ్ళ మిగిలి ఉంటే నా గుండె జారుతుంది. ఆ మనిషి ఇంకా పైకి రాలేదన్నమాట. నిన్న సాయంత్రం రీడింగు రూముకు తాళం వేయబోతూ గోడకేసి చూశాను. తిండి మానేసి గుడ్లకు కాపలా కాసే తల్లి ఆక్టోపస్ బొమ్మ అక్కడ లేదు. ఆ మేకుకు ఒక రేకు బిళ్ళ, కిటికీ గాలికి మెల్లగా ఊగుతోంది.