పుట్టుక అడిగే టాంటీ క్లోటిల్డా

మా ద్వీపంలో, గ్రెన్‌విల్ బజారులో దేవదూత దిగి నిలబడినా మా టాంటీ క్లోటిల్డా దణ్ణం పెట్టదు. ముందు రెక్క తడిమి చూసి, "ఈ ఈక ఎక్కడ పుట్టింది నాయనా?" అని అడుగుతుంది. ఏ వస్తువు కంటబడినా దాని పుట్టుక తెలుసుకోనిదే ఆవిడకు ముద్ద దిగదు.

ఊరందరికీ ఆవిడ టాంటీయే. పిన్ని, అత్త, పెద్దమ్మ, అన్నీ ఆ ఒక్క పిలుపులోనే. ఆరుగురు ఆడవాళ్ళను పెట్టుకుని మిరపకాయ సాస్ చేసి సీసాల్లో అమ్ముతుంది. ఆవిడ వంటశాలకూ నా రొట్టెల కొట్టుకూ మధ్య ఒకటే గోడ. అందుచేత ఊళ్ళో అందరికన్నా ఎక్కువగా నలిగింది నేనే.

"ఒరే ఆల్బన్, ఈ రొట్టె పిండి ఎక్కడ పుట్టిందిరా?"

"మిల్లులో, టాంటీ."

"మిల్లులో నలిగింది. పుట్టింది ఎక్కడ?"

రేవుకు వెళ్ళి, బస్తా మీద అక్షరాలు చదివి వచ్చి మర్నాడు చెప్పాను. "ఊఁ. మరి పిండి పొంగించే ఈస్టు?" అంది. ఆ వారమంతా నా కొట్లోకి నేను వెనక గుమ్మంలోంచే వెళ్ళాను.

ఒకసారి మోకాలి నొప్పికి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు సూది చేతిలోకి తీసుకున్నాడో లేదో, "ఈ మందు పుట్టిందెక్కడ బాబూ?" అంది. ఆయన నీరసంగా కుర్చీలో కూలబడి, "టాంటీ, ముందు మీ నొప్పి ఎక్కడ పుట్టిందో చెప్పండి. మందు సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. చర్చిలో ఫాదర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ద్రాక్షరసం సీసా చీటీ జనానికి కనబడేలా తిప్పి పెట్టాకే ఆయన ప్రార్థన మొదలుపెట్టేవాడు.

ఇలా ఉండగా మా దేశానికీ, సముద్రం అవతలి ఓ పెద్ద దేశానికీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది. చిన్న వ్యాపారులందరినీ టౌన్‌హాలుకు పిలిచారు. ఇవాడ్నీ అనే కస్టమ్స్ ఆఫీసరమ్మ గంటసేపు వివరించింది. సగం మంది కునుకు తీశారు. టాంటీ లేచి నిలబడింది.

"అమ్మాయ్, ఈ ఒప్పందం ఎక్కడ పుట్టింది?"

హాలంతా గొల్లుమంది. ఇవాడ్నీ మాత్రం నవ్వలేదు.

"ఒప్పందం ఎక్కడ పుడితేనేం టాంటీ? మీ సరుకు ఎక్కడ పుట్టిందో మీరు రుజువు చెయ్యాలి. ఇక్కడిదేనని తేలితే అక్కడ సుంకం ఉండదు. తేలకపోతే మామూలు సుంకమే."

నలభై ఏళ్ళుగా తాను లోకాన్ని అడుగుతున్న ప్రశ్న, మొదటిసారి ఎవరో తిరిగి తననే అడిగారు. టాంటీ కూర్చుంది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

నెల తిరక్కుండా అవతలి దేశం నుంచి ఎనిమిది వేల సీసాలకు ఆర్డరు వచ్చింది. సుంకం లేకపోతేనే కొంటామన్నారు. పొరుగు దేశం మిరప ముద్ద చవగ్గా ఇస్తానని ఒక దళారి వచ్చాడు గానీ, టాంటీ పుట్టుక అడిగేసరికి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తనిఖీకి ఇవాడ్నీ వచ్చి బుట్టల ముందు నిలబడింది.

"ఈ మిరపకాయలు ఎవరి తోటవి టాంటీ?"

"తోటవి కావు. పెరళ్ళవి. ఇది కత్‌బర్ట్‌ది. నాలుగే మొక్కలు, వంటింటి వెనక. నడుం విరిగి పడవ అమ్ముకున్నాడు. ఇది మెర్లీన్‌ది. మొగుడు పోయాక కాలవ గట్టున వేసుకుంది. ఇది..."

వరసగా నలభై ఒక్క పేర్లు చెప్పింది. ఒక్కటీ తడుముకోలేదు. ఇవాడ్నీ రెండు రోజులు ఎండలో తిరిగి ప్రతి పెరడూ చూసి వచ్చింది. ఒక్క మొక్క కూడా తేడా రాలేదు.

నాకప్పుడు తట్టింది. బజారులో ఎవరి బుట్ట కనబడినా పుట్టుక అడిగింది, ఎవరింట్లో పొయ్యి వెలగడంలేదో తెలుసుకోవడానికన్నమాట.

"ఒక్క పెద్ద తోటలో కొంటే ఈ తిప్పలుండేవి కాదుగా టాంటీ" అన్నాను.

"పెద్ద తోటకు నేను లేకపోయినా గడుస్తుందిరా" అంది.

సరుకు ఇక్కడిదేనని ఇచ్చే ధ్రువపత్రంలో పండించినవాళ్ళ పేర్లకు మూడే గీతలున్నాయి.

"ముగ్గురివి చాలు" అంది ఇవాడ్నీ.

"మిగతా ముప్పై ఎనిమిది మందీ ఆకాశంలో పుట్టారా?"

అదనంగా కాగితాలు కుట్టారు. అందులో పేరున్నవాళ్ళు రేపు తమ సరుకు తామే పంపుకోవాలన్నా మళ్ళీ పెరడు తనిఖీ అక్కర్లేదట. ఆ సంగతి టాంటీ టౌన్‌హాల్లోనే పట్టేసింది. మేం కునుకు తీస్తున్నప్పుడు.

సీసాలు ఓడెక్కిన రోజు ఆరుగురు ఆడవాళ్ళూ చర్చికి పెట్టుకునే ఆదివారం టోపీలు పెట్టుకుని రేవులో నిలబడ్డారు. పెట్టెల మీద మా ద్వీపం పేరు చదువుకుని నేనూ నిటారుగా నిలబడ్డాను.

ఆర్నెల్లకు కత్‌బర్ట్ తన పేరుతోనే ఎండు మిరప పొడి చేసి తెచ్చాడు. టాంటీ నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఉప్పు చాల్లేదు. పద, మీ ఇంటికెళ్ళి చూపిస్తాను."

"నీకే పోటీ వస్తున్నాడు టాంటీ" అన్నాను.

"రానీ. వచ్చేవాడు బాగా చెయ్యొద్దూ? మన ద్వీపం పేరు రాసి ఉంది కదరా దానిమీద" అంటూ మోకాలు పట్టుకుని, అతని కన్నా ముందే మెట్లు దిగింది.